బోరు మోటారు కెపాసిటర్ చుట్ట డిజైన్: పొరల మధ్య గాలి మిగలకుండా ఎలా చుట్టాలి?

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెలు చాలావరకు నీడ లేని చోటే ఉంటాయి. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే ఎండకు కాలిన ఇనుప పెట్టె లోపల 60 దాకా పోతుంది. అందులో ఉన్న రన్ కెపాసిటర్ (మోటారు తిరుగుతున్నంతసేపూ పనిచేసేది) ఆ వేడినీ, పైకీ కిందికీ ఊగే ఓల్టేజీనీ తట్టుకోవాలి. అది తొందరగా పోతే అందరూ ముందు ఫిల్మునే, అంటే లోపల చుట్టిన, మెటల్ పూత ఉన్న పలచటి ప్లాస్టిక్ పొరనే అనుమానిస్తారు. ఫిల్ము బాగానే ఉండి చుట్టడంలో, తీగలు అతికించడానికి చుట్ట చివర్లకు కొట్టే జింక్ స్ప్రేలో, క్యాన్‌లో దించడంలో చెడిపోయేవి కూడా బోలెడు. ఆ మెకానికల్ పని ఎలా చేయాలో చిన్న తయారీ యూనిట్లకు పనికొచ్చేలా ఇక్కడ వివరిస్తున్నాం. ఉదాహరణకు 36 మైక్రోఫారడ్లు, 440 వోల్టుల గుండ్రటి కెపాసిటర్‌ను తీసుకుందాం. సింగిల్ ఫేజ్ బోరు మోటార్లలో బాగా వాడే సైజు ఇది. ఇంటి కరెంటు 230 వోల్టులే కదా, 440 ఎందుకని అడిగేవాళ్లుంటారు. మోటారు తిరిగేటప్పుడు స్టార్టింగ్ వైండింగ్‌లో పుట్టే ఓల్టేజీ కూడా కలవడం వల్ల కెపాసిటర్ మీద సరఫరా కంటే ఎక్కువ పడుతుంది.

మొదట పట్టుకోవాల్సింది ఒక్కటే: పొరల మధ్య గాలి. 440 వోల్టుల ఏసీ శిఖరం 622 వోల్టులు. 7 మైక్రాన్ల పాలీప్రొపిలీన్ ఫిల్ము పక్కన ఒక మైక్రాన్ గాలి సందు ఉంటే అందులో ఆ సందు వాటాకు దాదాపు 150 వోల్టులు వస్తాయి. మామూలు వాతావరణ పీడనంలో గాలిలో డిశ్చార్జి (గాలి గుండా కరెంటు దూకడం) మొదలవడానికి కనీసం 327 వోల్టులు కావాలి, అదీ ఏడెనిమిది మైక్రాన్ల సందు దగ్గర. కాబట్టి ఒక మైక్రాన్ సందుతో ప్రమాదం లేదు. అదే సందు 8 మైక్రాన్లయితే దాని మీద 445 వోల్టులు పడతాయి. ఇక అక్కడ ప్రతి అర్ధ చక్రానికీ డిశ్చార్జి జరుగుతూ మెటల్ పూతను, ఆపైన ఫిల్మును తినేస్తుంది. ఫిల్ము మందమంత దుమ్ము కణం ఒక్కటి చాలు, అలాంటి సందు తెరుచుకోవడానికి. టెన్షన్, కోర్, వేడిచేయడం, గది శుభ్రత అన్నీ ఈ సందును మూసి ఉంచడానికే.

మొదటి దశ: కాగితం మీద లెక్క

రెండు మెటలైజ్డ్ ఫిల్ములు కలిపి చుట్టినప్పుడు ప్రతి పూతకూ రెండు వైపులా ఎదురు పూత ఉంటుంది కాబట్టి కెపాసిటెన్సు రెట్టింపు వస్తుంది. ఫిల్ము పొడవు మీటరుకు వచ్చే మైక్రోఫారడ్లు ఇలా కట్టాలి: 2 × 8.854 × 2.2 × కలిసే వెడల్పు మిల్లీమీటర్లలో ÷ మందం మైక్రాన్లలో ÷ 1000. ఇందులో 2.2 పాలీప్రొపిలీన్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం.

కలిసే వెడల్పంటే ఫిల్ము వెడల్పు కాదు. 75 మి.మీ. ఫిల్ములో ఒక అంచున 2.5 మి.మీ. పూత లేని మార్జిన్ ఉంటుంది. రెండో ఫిల్ముకు అదే మార్జిన్ అవతలి అంచున. పైగా స్ప్రే పట్టడానికి రెండు ఫిల్ములనూ ఒకదానికొకటి 1 మి.మీ. జరిపి చుడతాం. 75 లోంచి రెండు మార్జిన్లు, ఒక జరుపు తీసేస్తే 69 మి.మీ. మిగులుతుంది. దీంతో మీటరుకు 0.384 మైక్రోఫారడ్. 36 కావాలంటే ఒక్కో ఫిల్ము దాదాపు 93.75 మీటర్లు.

వ్యాసానికి: కోర్ వ్యాసం వర్గానికి 1.273 × పొడవు మీటర్లలో × రెండు ఫిల్ముల మొత్తం మందం మైక్రాన్లలో కలిపి, వర్గమూలం తీయాలి. 8 మి.మీ. కోర్ మీద 41.65 మి.మీ. వస్తుంది. చుట్లు దాదాపు 1200, ఫిల్ము బరువు 89 గ్రాములు. ఈ అంకెలు బోర్డు మీద రాసి పెట్టుకోండి, తర్వాత ప్రతి పరీక్షలోనూ వీటితోనే పోల్చాలి.

రెండో దశ: వెడల్పు ఎంత?

ఇదే కెపాసిటర్‌ను 50 మి.మీ. ఫిల్ముతో చుడితే 147 మీటర్లు పట్టి, వ్యాసం దాదాపు 52 మి.మీ., ఫిల్ము 93 గ్రాములు అవుతుంది. 100 మి.మీ.తో అయితే 69 మీటర్లు, వ్యాసం 36 మి.మీ., 87 గ్రాములు. ఫిల్ము ఖర్చులో తేడా మీరు అనుకున్నంత ఉండదు. సన్న ఫిల్ములో మార్జిన్లకు, జరుపుకు 12 శాతం పోతే వెడల్పు దాంట్లో 6 శాతం పోతుంది, అంతే.

వెడల్పు పెరిగితే కరెంటు పూత మీద ఎక్కువ దూరం పోవాలి కాబట్టి లోపలి నిరోధం పెరుగుతుంది. చదరానికి 8 ఓమ్‌ల పూతతో (అంటే పూత చదరపు ముక్క ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు చూపే నిరోధం 8 ఓమ్‌లు) 50, 75, 100 మి.మీ. ఫిల్ములకు అది వరసగా దాదాపు 1.6, 4, 7.3 మిల్లీఓమ్‌లు. 36 మైక్రోఫారడ్ల గుండా 440 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు పోతాయి, కాబట్టి 100 మి.మీ. దాంట్లోనూ పూత నష్టం 0.2 వాట్ దాటదు. ఫిల్ము డైఎలక్ట్రిక్ నష్టమే 0.4 వాట్‌కు పైన ఉంటుంది. అంటే 50 హెర్ట్జ్ దగ్గర వెడల్పును నిర్ణయించేది నిరోధం కాదు, చేతిలో ఉన్న క్యాన్, వైండింగ్ మెషిన్ తిన్నదనం. వెడల్పు ఫిల్ములో రోలర్ కాస్త వంకర పోయినా ముడతలొస్తాయి. పాత మెషిన్ ఉన్నవాళ్లు 75 దగ్గర ఆగడం మంచిదని మా అభిప్రాయం.

మార్జిన్‌ను 2.5 కంటే తగ్గించి ఫిల్ము మిగుల్చుకోవాలని చూడొద్దు. టెర్మినళ్ల మధ్య పరీక్ష ఓల్టేజీ రేటింగుకు రెట్టింపు, అంటే 880 వోల్టులు. జింక్ స్ప్రే అంచులోపలికి ఎంతోకొంత చొచ్చుకొస్తుంది. ఆ రెండింటికీ చోటుండాలి.

మూడో దశ: కోర్

కోర్‌ను సన్నగా పెడితే క్యాన్ చిన్నదవుతుందని అనుకుంటారు. లెక్క చూడండి: 8 మి.మీ. కోర్‌ను 12 చేస్తే చుట్ట వ్యాసం 41.65 నుంచి 42.6 అవుతుంది, ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. బయటి చుట్లన్నీ లోపలికి నొక్కే ఒత్తిడంతా కోర్ మీదే పడుతుంది. గోడ పలచనిదైతే వేడిచేసినప్పుడు అది గుడ్డు ఆకారంలోకి నలిగి, దాని మీది చుట్లు వదులై ముడతలు పడతాయి. ఎక్కువ వేడెక్కేది కూడా మధ్యభాగమే. కాబట్టి 12 మి.మీ. వ్యాసం, 1.5 నుంచి 2 మి.మీ. గోడ ఉన్న పాలీప్రొపిలీన్ గొట్టం తీసుకోండి. అచ్చు గీత బయటికి పొడుచుకుని ఉంటే ఆ పెట్టె మొత్తం వెనక్కి పంపండి. ఆ గీత ముద్ర వందల చుట్ల దాకా పైకి వస్తూనే ఉంటుంది.

కోర్ మీద మొదట పూత లేని ఫిల్ము నాలుగైదు చుట్లు వేసి, ఆ తర్వాతే మెటలైజ్డ్ ఫిల్ము పట్టించాలి. మొదటి చుట్టులో ఫిల్ము మడత పడకూడదు.

నాలుగో దశ: టెన్షన్

టెన్షన్‌ను గ్రాముల్లో కాకుండా ఫిల్ము అడ్డుకోత మీద లెక్కేస్తే ఏ సైజుకైనా పనికొస్తుంది. చదరపు మిల్లీమీటరుకు 5 నుంచి 10 న్యూటన్ల మధ్య, మొదట 8తో మొదలుపెట్టండి. 75 మి.మీ. × 7 మైక్రాన్లు అంటే 0.525 చదరపు మి.మీ., కాబట్టి ఒక్కో ఫిల్ముకు 4.2 న్యూటన్లు, అంటే సుమారు 430 గ్రాములు. రెండు ఫిల్ములకూ ఒకటే ఉండాలి. తేడా ఉంటే వదులుగా ఉన్నది అలలు తిరుగుతుంది.

మొదటి నుంచి చివరి దాకా ఒకే టెన్షన్ పెట్టకండి. బయటి చుట్లు బిగిసేకొద్దీ లోపలి చుట్లు నొక్కుకుపోయి తమ బిగువు కోల్పోతాయి. చుట్ట పెరిగేకొద్దీ టెన్షన్‌ను మెల్లగా దించుతూ, చివరికి మొదటి దానికంటే 15 నుంచి 20 శాతం తక్కువకు తెచ్చుకోవాలి. పాత మెషిన్లలో బ్రేక్ బెల్టుతో టెన్షన్ ఇస్తే దీనికి ఉల్టా జరుగుతుంది: బ్రేక్ బిగువు ఒకటే ఉండి ఫిల్ము రోల్ చిన్నదయ్యేకొద్దీ ఫిల్ము మీద లాగుడు పెరుగుతుంది. అందుకే కొత్త రోల్‌తో చుట్టినవి, రోల్ అడుగున చుట్టినవి వేర్వేరుగా పెట్టి చూడండి.

గాలిని బయటికి నెట్టేది టెన్షన్ కంటే ఎక్కువగా నొక్కు రోలర్. ఫిల్ము చుట్ట మీద కూర్చునే గీత దగ్గరే అది ఆనాలి, ముందు కాదు, వెనక కాదు. వేగం పెరిగేకొద్దీ ఫిల్ము వెంట గాలి లోపలికి దూరుతుంది. ఉత్పత్తి పెంచాలని వేగం పెంచినప్పుడు వ్యాసం పెరిగిందంటే రోలర్ ఒత్తిడి సరిపోవడం లేదన్నమాట.

మధ్యలో కరెంటు పోయి ఆగిన చుట్టను మళ్లీ కొనసాగించొద్దు. ఆగిన చోట టెన్షన్ వదిలేసి మళ్లీ పట్టుకుంటుంది, ఆ ఒక్క చుట్టు దగ్గర గాలి చిక్కుకుంటుంది. మెషిన్‌కు యూపీఎస్ పెట్టుకోవడం చుట్టలు పారేయడం కంటే చవక.

చివర పూత లేని ఫిల్ము 15 నుంచి 20 చుట్లు వేసి వేడి ఇస్త్రీతో అతికించాలి. అది క్యాన్‌కు ఇన్సులేషనే కాక, స్ప్రే పక్కలకు పారకుండా అడ్డు కూడా.

గది గురించి

ఇది మెషిన్ పని కాకపోయినా మన ప్రాంతంలో దీన్ని వేరుగానే చెప్పాలి. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల పాలిషింగ్ యూనిట్ల దుమ్ము, సున్నపురాతి పొడి గాలిలో తేలుతూనే ఉంటాయి. ఆ కణాల్లో చాలా వాటి సైజు ఫిల్ము మందంతో సమానం. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండిపోయి ఫిల్ము విప్పుతుంటేనే స్టాటిక్ పుట్టి, ఆ దుమ్మును లాక్కుంటుంది. చేయి దగ్గర పెడితే వెంట్రుకలు లేస్తాయి. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచి, వడపోసిన గాలిని లోపలికి నెడుతూ, తలుపు తెరిస్తే గాలి బయటికే పోయేలా చూసుకోవాలి. రోల్ నుంచి ఫిల్ము విడిచే చోట స్టాటిక్‌ను పోగొట్టే అయనైజర్ కడ్డీ పెట్టాలి. వానాకాలంలో బాధ మరో రకం. ఫిల్ము మీది జింక్ పూత తేమకు తెల్లబారి నిరోధం పెరుగుతుంది. విప్పిన రోల్‌ను రాత్రికి సిలికా జెల్‌తో కలిపి మూసి పెట్టండి.

ఐదో దశ: వేడిచేయడం

చుట్టిన తర్వాత 100 నుంచి 105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే ఫిల్ము కాస్త ముడుచుకోవాలని చూస్తుంది, చుట్టి ఉంది కాబట్టి పొరలు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. సందులు మూసుకునేది ఇక్కడే. ఈ సైజు చుట్టకు గుండె దాకా వేడి చేరడానికే గంట దాకా పడుతుంది. కాబట్టి 70 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆపి, తర్వాత 105 దగ్గర ఐదారు గంటలు ఉంచండి. నేరుగా 105లో పెడితే బయటి చుట్లు ముందే బిగిసి, చల్లగా ఉన్న లోపలి చుట్లను నలిపేస్తాయి. తీసేటప్పుడు ఫ్యాన్ గాలి కొట్టొద్దు. ఓవెన్ ఆపి, తలుపు మూసే చల్లారనివ్వాలి.

స్ప్రే చేశాక వేడిచేసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. ముందే చేయాలని మా సలహా. వెడల్పు వైపు ముడుచుకునే ఆ కొద్దిపాటి కదలిక జింక్ అతుకును లాగకుండా ఉంటుంది.

ఆరో దశ: జింక్ స్ప్రే

ఇక్కడ కంటికి కనిపించేది తక్కువ. రెండు ఫిల్ముల మధ్య ఉన్న ఒక మి.మీ. జరుపులోకి కరిగిన జింక్ చుక్కలు దూరి, పూత ఉన్న అంచును పట్టుకోవాలి. జరుపు అర మిల్లీమీటరుకు తగ్గితే చుక్కలు పైపైనే ఉండిపోతాయి. మిల్లీమీటరున్నర దాటితే అంచులు స్ప్రే గాలికి వంగి పడుకుంటాయి, దారి మూసుకుపోతుంది. అంచు పూత మందంగా ఉన్న ఫిల్ము, అంటే అంచున చదరానికి 2 నుంచి 4 ఓమ్‌లు ఉన్నది తీసుకోండి. అంచును అలలుగా కోసిన ఫిల్ము దొరికితే అదే మేలు.

ఒకేసారి మందంగా కొట్టకూడదు. 150 నుంచి 200 మి.మీ. దూరం నుంచి పలచగా ఆరేడు సార్లు కొడుతూ, మధ్యలో చల్లారనిస్తూ, మొత్తం 0.4 నుంచి 0.6 మి.మీ. మందం తేవాలి. ఒకే చోట గన్ ఆగితే ఆ కింద ఫిల్ము అంచు కరిగి ముడుచుకుంటుంది, పైన జింక్ నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద అతుకు ఉండదు.

ఇది పట్టుకోవడానికి 50 హెర్ట్జ్ కొలత పనికిరాదు. ఎల్‌సీఆర్ మీటర్‌లో 1 కిలోహెర్ట్జ్ దగ్గర టాన్ డెల్టా (కెపాసిటర్‌లో ఎంత శక్తి వేడిగా పోతుందో చెప్పే అంకె) చూడండి. 5 మిల్లీఓమ్‌ల నిరోధం ఉన్న మంచి ముక్క దాదాపు 0.0013 చూపిస్తుంది. అతుకు చెడి 10 మిల్లీఓమ్‌లయితే 0.0025 వస్తుంది. అదే 50 హెర్ట్జ్ దగ్గర ఈ రెండింటి తేడా లక్షకు ఐదారు పాళ్లే, మీటర్ పొరపాటులోనే కలిసిపోతుంది.

స్ప్రే తర్వాత బయట పడిన పొడిని గాలితో ఊది, సిరీస్ రెసిస్టర్ గుండా డీసీ ఓల్టేజీని మెట్లు మెట్లుగా పెంచుతూ ఫిల్ము బలహీనంగా ఉన్న చోట్ల పూతను కాల్చేయాలి.

ఏడో దశ: తీగలు, క్యాన్, రెసిన్

తీగను జింక్ ముఖం మీద కోర్‌కూ బయటి అంచుకూ మధ్యలో, రెండు చోట్ల అతికించండి. సోల్డరింగ్ ఐరన్ ఒక్కో చోట రెండు మూడు సెకన్లకు మించి ఆనకూడదు. అతకకపోతే చల్లారాక మళ్లీ ప్రయత్నించాలి, అంతేగానీ అదిమి పట్టకూడదు.

25 నుంచి 85 డిగ్రీలకు వేడెక్కితే 76 మి.మీ. పాలీప్రొపిలీన్ చుట్ట దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. అల్యూమినియం క్యాన్ అంతే పొడవులో 0.1 మి.మీ. సాగుతుంది. ఈ తేడా రోజూ పగలూ రాత్రీ జరుగుతూనే ఉంటుంది. కాబట్టి చుట్టకు పైన మూడు నాలుగు మి.మీ. ఖాళీ, తీగలో చిన్న వంపు ఉండాలి. 12 మి.మీ. కోర్‌తో చుట్ట 42.6 అవుతుంది కాబట్టి 46 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న క్యాన్ అయితే చుట్టూ 1.7 మి.మీ. రెసిన్ పడుతుంది. గట్టి ఎపాక్సీ కంటే మెత్తటి పాలీయురేథేన్ మంచిది. ఆముదంతో చేసిన రకాలు దీనికి బాగా పనికొస్తాయి. పోసే ముందు చుట్టను వాక్యూమ్‌లో 80 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టాలి. రెసిన్‌ను రెండు విడతలుగా పోయండి. ఒకేసారి ఎక్కువ పోస్తే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికే ఫిల్ము ముడుచుకుంటుంది.

లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మూత లేచి తీగ తెగే రకం క్యాన్ అయితే రెసిన్ మూత దాకా నింపొద్దు, గ్యాసు పైకి రావడానికి దారి ఉండాలి. చుట్ట అడుగున గట్టిగా కూర్చుని ఉండాలి, లేకపోతే అది కూడా మూతతో పాటే లేచి తీగ తెగదు. స్టార్టర్ పెట్టెలో టెర్మినళ్ల పైన 15 మి.మీ. ఖాళీ వదలమని లేబుల్ మీద తెలుగులో రాయండి. అడుగున ఎం8 బోల్టును 5 న్యూటన్-మీటర్లకు మించి బిగిస్తే క్యాన్ అడుగు ఉబ్బుతుందని కూడా రాయండి.

ఎనిమిదో దశ: పరీక్ష

ఓవెన్‌కు ముందూ తర్వాతా అదే చుట్ట కెపాసిటెన్సు, నాలుగు చోట్ల వ్యాసం కొలవండి. 8 మి.మీ. కోర్ చుట్ట లెక్క 41.65 అయితే 42.2 వచ్చిందనుకోండి, చుట్టలో దాదాపు 2.7 శాతం గాలి ఉన్నట్టు. వేడిచేశాక వ్యాసం తగ్గి, కెపాసిటెన్సు శాతమో రెండు శాతాలో పెరగాలి. ఏ మార్పూ లేకపోతే ఓవెన్ థర్మామీటర్‌ను అనుమానించండి.

ఏసీ మోటారు కెపాసిటర్లకు ప్రమాణం ఐఎస్ 2993. టెర్మినళ్ల మధ్య 880 వోల్టులు, టెర్మినళ్లకూ క్యాన్‌కూ మధ్య రేటింగుకు రెట్టింపు, దానికి వెయ్యి కలిపి, కానీ 2000కు తగ్గకుండా. 440కి 1880 వస్తుంది కాబట్టి 2000 పెట్టాలి.

త్రీఫేజ్ అయితే

ఉచిత విద్యుత్తు తీసుకునే వ్యవసాయ కనెక్షన్లకు ఐఎస్‌ఐ పంపుసెట్టుతో పాటు కెపాసిటర్ (ఇక్కడ దాని పని పవర్ ఫ్యాక్టర్ సరిచేయడం) కూడా షరతే. 5 హెచ్‌పీ మోటారుకు మామూలుగా 2 కేవీఏఆర్ (ఈ కెపాసిటర్ల సైజును చెప్పే కొలత) పెడతారు. 415 వోల్టుల డెల్టాలో (మూడింటినీ ఫేజుల మధ్య త్రికోణంగా కలిపితే) అది ఫేజుకు 12.3 మైక్రోఫారడ్లు. 75 మి.మీ. ఫిల్ముతో మూడు చుట్టలు ఒకదానిమీద ఒకటి పెడితే క్యాన్ మరీ పొడుగైపోతుంది. 35 మి.మీ. ఫిల్ముతో, 8 మి.మీ. కోర్ మీద ఒక్కోటి 38 మి.మీ. వ్యాసంతో 76 మీటర్లు చుడితే మూడూ 120 మి.మీ. లోపు ఎత్తులో సర్దుకుంటాయి. మధ్య చుట్టకు పైనా కిందా దారి మూసుకుని అదే ఎక్కువ వేడెక్కుతుంది. చుట్టల మధ్య ఇన్సులేషన్ బిళ్లను మందంగా కాకుండా గట్టిదిగా పెట్టండి. అన్నిటికంటే బిగువుగా, టాన్ డెల్టా తక్కువగా వచ్చిన చుట్టను మధ్యకు కేటాయించండి.

పోయిన ముక్కను విప్పి చూడటం

పొలం నుంచి వెనక్కొచ్చిన కెపాసిటర్‌ను ముందు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, తర్వాత టెర్మినళ్లను షార్ట్ చేసి, అప్పుడే కోయండి. ఫిల్మును వెలుతురుకు అడ్డంగా పట్టి విప్పుతూ పోవాలి.

సన్నటి పారదర్శక చుక్కలు అంతటా సమానంగా ఉంటే అది వేడికీ ఓల్టేజీకీ వచ్చిన మామూలు అరుగుదల. మార్జిన్ పక్కనే పొడుగునా పూత పోయి పారదర్శక పట్టీ కనిపిస్తే తేమ లోపలికి వచ్చింది: మూత సీలును, ఆరబెట్టిన వాక్యూమ్‌ను చూసుకోండి. కోర్ దగ్గరి చుట్లలోనే చిల్లులు గుంపుగా ఉంటే కోర్ నలిగింది. పూత కాలిన మచ్చ చుట్టుచుట్టుకూ అదే కోణంలో తిరిగి వస్తుంటే, కొంచెం కొంచెం దూరం తగ్గుతూ, దాని వెంట లోపలికి పోండి. చివర కోర్ మీది గీతో, మొదటి చుట్టులో మడతో, ఒక రాతి కణమో దొరుకుతుంది. స్ప్రే ముఖాన్ని వేలితో తోస్తే రేకులా ఊడి, కింద ఫిల్ము అంచులు నున్నగా కరిగి కనిపిస్తే సోల్డరింగ్ చోటా కాదా చూడండి. ఆ రెండు చుక్కల కిందే అయితే ఐరన్ ఎక్కువసేపు ఆనించారు. ముఖమంతా అలాగే ఉంటే స్ప్రే గన్ దూరం తగ్గింది, లేదా మధ్యలో చల్లారనివ్వకుండా కొట్టారు.